సాహిత్య నిఘంటువులు, కోశాలు, కవుల చరిత్రలు పండితులకేనా? మామూలు పాఠకులకు వాటితో పని ఉందా?

ప్రశ్న: తెనాలి నుంచి ఒక పాఠకురాలు

అందరికీ నమస్కారం. మా మామగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు. ఆయన కాలం చేసిన తర్వాత ఆయన పుస్తకాల బీరువాను ఎవరూ కదిలించలేదు. ఇప్పుడు మేము పాత పెంకుటిల్లు విడిచి అపార్ట్‌మెంటులోకి మారుతున్నాం కనుక ఆ పుస్తకాల సంగతి తేల్చవలసి వచ్చింది. కావ్యాలు, నవలలు, కథా సంపుటాలు నేనే తీసుకువెళతాను. సందేహమంతా మిగిలినవాటి గురించే. సూర్యరాయాంధ్ర నిఘంటువు 8 సంపుటాలు, అట్ట ఊడిపోయిన శబ్దరత్నాకరము అనే నిఘంటువు, పురాణనామచంద్రిక, కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఆంధ్రకవుల చరిత్రము, ఆరుద్రగారి సమగ్ర ఆంధ్ర సాహిత్యంలో కొన్ని సంపుటాలు ఉన్నాయి. అడుగు అరలో ఏవేవో పదకోశాలు, అనుక్రమణికలు కూడా ఉన్నాయి.

"ఇవన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి, వీటికి స్థలం ఎక్కడ పెడతాం?" అని పిల్లలు అంటున్నారు. "అవి పరిశోధన చేసేవాళ్లకు తప్ప మనకెందుకు?" అని మావారు అంటున్నారు. నేను చదివింది బి.కాం. అయితే సాహిత్యం మీద ఇష్టంతో పోతన భాగవతం, మనుచరిత్ర వంటివి టీకాతాత్పర్యాలు దగ్గర పెట్టుకుని చదువుతుంటాను. టీక ఉన్నప్పుడు నిఘంటువుతో పనేమిటి, కవి పద్యం చేతిలో ఉన్నప్పుడు కవి చరిత్రతో పనేమిటి అన్నది నా అసలు ప్రశ్న. వీటి విలువ పండితులకు ఒకలా, నాలాంటి పాఠకులకు ఒకలా ఉంటుందా? అన్నీ ఉంచుకోవడం కుదరకపోతే వేటిని వదులుకోకూడదు? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విశాఖపట్నం నుంచి ఒక తెలుగు అధ్యాపకుడు

అమ్మా, నమస్కారం. టీక ఉండగా నిఘంటువు ఎందుకన్న మీ ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మా విద్యార్థులు కూడా ఏటా ఇదే అడుగుతారు.

మీరు భాగవతం చదువుతారు కనుక గజేంద్రమోక్షంలోని పద్యాన్నే తీసుకుందాం. "అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల" అన్న పాదం నోటికి రాని తెలుగువారు అరుదు. ఇందులో "దాపల" అన్న మాటకు "దగ్గర" అని అర్థం చెప్పే వ్యాఖ్యలు ఉన్నాయి. "దాపు" అన్న మాట మనకు పరిచయమే కాబట్టి ఆ అర్థం వినగానే ఒప్పుకోబుద్ధి అవుతుంది. నిఘంటువు తెరిస్తే "దాపల" అంటే ఎడమ పక్క అని ఉంటుంది. దానికి ప్రతిగా కుడి పక్కను చెప్పే "వలపల" కూడా ఉంటుంది. వ్యవసాయ పదాల సంగ్రహం చూస్తే కాడికి ఎడమవైపు కట్టే ఎద్దును దాపటెద్దు అనీ, కుడివైపు కట్టేదాన్ని వలపటెద్దు అనీ రైతులు పిలుస్తారని తెలుస్తుంది. అంటే పోతన వైకుంఠంలో విష్ణువు ఉన్న చోటు చెప్పడానికి వాడిన మాట దుక్కి దున్నే రైతు నోట రోజూ ఆడే మాట. ఆ తర్వాత కూడా "దగ్గర" అన్న అర్థమే బాగుందని మీకు తోస్తే అలాగే తీసుకోవచ్చు. కాని ఆ నిర్ణయం ఇప్పుడు మీది. ఇంతకుముందు అది టీకాకారుడిది.

టీక ఒక పద్యానికి ఒక అర్థం చెప్పి ముందుకు సాగుతుంది. నిఘంటువు ఆ మాట మరెక్కడెక్కడ, ఏ కవి చేతిలో, ఏ అర్థంలో పడిందో చూపిస్తుంది. సూర్యరాయాంధ్ర నిఘంటువులో ఏదైనా ఒక పేజీ తెరిచి చూడండి. ముందు మాట, దాని పక్కన అది సంస్కృతమో దేశ్యమో తెలిపే గుర్తు, అది విశేష్యమో క్రియో తెలిపే గుర్తు, తర్వాత వరుస సంఖ్యలతో అర్థాలు, వాటి కింద భారతం నుంచో కాశీఖండం నుంచో తీసిన పద్యభాగం, అది ఏ పర్వంలో ఏ ఆశ్వాసంలోదో చెప్పే సంకేతం ఉంటాయి. సంకేతమే గదా అని మామూలు పాఠకులు దాన్ని దాటేస్తారు. నా దృష్టిలో ఆ పుస్తకానికి ప్రాణం అక్కడే ఉంది. నిఘంటుకర్త చెప్పిన అర్థాన్ని మనం నమ్మవలసిన పని లేదు, ఆ పద్యం దగ్గరకు వెళ్లి మనమే సరిచూసుకోవచ్చునన్న స్వాతంత్ర్యాన్ని ఆ సంకేతం ఇస్తుంది.

ఆ నిఘంటువు ఎలా వచ్చిందో తెలిస్తే దాని గుణమూ లోపమూ కూడా తెలుస్తాయి. పిఠాపురం మహారాజా సూర్యారావుగారి పోషణలో, ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన, జయంతి రామయ్య పంతులుగారి పూనికతో ఆ పని మొదలైంది. మొదటి సంపుటం 1936లో వెలువడింది. మొత్తం పూర్తి కావడానికి దశాబ్దాలు పట్టింది. రామయ్య పంతులుగారు గ్రాంథిక భాషావాదానికి నాయకులు. అందువల్ల కావ్యప్రయోగం ఉన్న మాటకు ఆ నిఘంటువులో దొరికిన గౌరవం జనం నోటి మాటకు దొరకలేదు. దాన్ని తప్పుపట్టేవారితో నేను ఏకీభవిస్తాను, కాని ఆ లోపాన్ని తర్వాతివారు పూరించుకుంటూ వచ్చారన్నది అంతకన్నా ముఖ్యం. భద్రిరాజు కృష్ణమూర్తిగారు జిల్లా జిల్లాకూ మనుషులను పంపి రైతుల దగ్గర మాటలు సేకరించి 1962లో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో తెచ్చారు. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. సూర్యరాయాంధ్ర నిఘంటువుకు ఎక్కని పదాలను రవ్వా శ్రీహరిగారు కావ్యాలన్నీ గాలించి ఏరి శ్రీహరి నిఘంటువుగా కూర్చారు. మీ బీరువా అడుగు అరలో ఉన్నాయన్న పదకోశాలలో వీటిలో ఏదైనా ఉంటే దయచేసి వదలకండి.

పరిశోధకుడికి ఈ గ్రంథాల అవసరం ఎంతటిదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. మన ప్రాచీన కావ్యాలు కొన్ని పూర్తిగా నశించాయి. వాటిలోని పద్యాలు కొన్నయినా మనకు మిగిలాయంటే అందుకు కారణం ఒకప్పటి సంకలనకర్తలు. మడికి సింగన సకలనీతిసమ్మతములో తన కాలానికి అందుబాటులో ఉన్న నీతిగ్రంథాల నుంచి పద్యాలు ఏరి, ఏ గ్రంథంలోదో పేరుతో సహా రాసిపెట్టాడు. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమూ అటువంటిదే. దాని ఆధారంగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ప్రబంధరత్నావళిని ప్రకటించారు. ఎందరో కవుల పేర్లు, ఎన్నో కావ్యాల పేర్లు మనకు అక్కడ మాత్రమే కనిపిస్తాయి. ఆనాడు సింగన తన పుస్తకం ఆకరగ్రంథం, అంటే తర్వాతివారు ఆధారంగా చూసుకునే పుస్తకం, అవుతుందని అనుకుని ఉండడు. రాజనీతి ఒక్కచోట దొరకాలన్నదే అతని ఉద్దేశం. మూలం పేరు రాయాలన్న శ్రద్ధ అతనికి లేకపోయి ఉంటే ఆ పద్యాలు మిగిలినా అవి ఎవరివో తెలిసేది కాదు.

పండితుల విలువ వేరు, పాఠకుల విలువ వేరు అన్న విభజనను నేను అంతగా ఒప్పుకోను. పదప్రయోగకోశం వంటిది, అంటే నన్నయ ఏ పదాన్ని ఎక్కడెక్కడ వాడాడో పట్టిక వేసి చూపే పుస్తకం, పరిశోధకుడికే ఎక్కువ పని. నిఘంటువు, పురాణనామకోశం మాత్రం ఎవరూ దారి చూపించేవారు లేకుండా ఇంట్లో ఒంటరిగా చదువుకునే మీవంటివారికే మాకంటే ఎక్కువ అవసరం. మాకు అడగడానికి పక్క గదిలో మరొక అధ్యాపకుడు ఉంటాడు.

జవాబు: బెంగళూరులో ఉద్యోగం చేసే ఒక పాఠకుడు

అధ్యాపకులవారు చెప్పినదానికి మామూలు పాఠకుడి పక్షాన కొంత చేర్చాలనుకుంటున్నాను. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. పదో తరగతితో తెలుగు పాఠం ముగిసింది. ప్రబంధాలు చదవాలన్న కోరిక ఉద్యోగంలో చేరాక కలిగింది.

ప్రబంధం చదివేటప్పుడు నన్ను ఆపింది కఠినపదాలకంటే ఎక్కువగా పేర్లు. ఒక సీసపద్యంలో పురూరవుడు, నలకూబరుడు, జయంతుడు అని వరుసగా పేర్లు వస్తాయి. ఒక అందగాణ్ణి వర్ణించడానికి కవి వాళ్లను తెచ్చాడని సందర్భాన్ని బట్టి ఊహించవచ్చు. కాని నలకూబరుడు కుబేరుడి కొడుకు అనీ, జయంతుడు ఇంద్రుడి కొడుకు అనీ తెలియకపోతే కవి ఈ పోలికను ఎందుకు ఎంచుకున్నాడో అందదు. మా తాతల తరానికి హరికథలు, పురాణ కాలక్షేపాలు ఈ పరిజ్ఞానాన్ని చెవిలో వేసేవి. నాకు ఆ అవకాశం లేదు. ఆ లోటును తీర్చింది మీ బీరువాలో ఉన్న పురాణనామచంద్రికే. యెనమండ్రం వెంకటరామయ్యగారు 1879లో ప్రకటించిన ఆ చిన్న పుస్తకంలో పురాణాల్లోని పేర్లు అకారాదిగా ఉంటాయి. ఒక పేరు కోసం తెరిస్తే ఆ పేరుకు సంబంధించిన కథ నాలుగు మాటల్లో దొరుకుతుంది. ఆ నాలుగు మాటల్లో మరో రెండు పేర్లు వస్తాయి, వాటి కోసం మళ్లీ పేజీలు తిప్పుతాం. పద్యం దగ్గరకు తిరిగి వచ్చేసరికి చుట్టూ ఉన్న లోకమంతా కొంత పరిచయమై ఉంటుంది.

ఇక ఫోనులో దొరుకుతాయి కదా అన్న మాట. దొరుకుతాయి, అందులో సందేహం లేదు. ఆంధ్రభారతి వారి నిఘంటుశోధన నేను రోజూ వాడతాను. శబ్దరత్నాకరము, బ్రౌణ్యము (బ్రౌన్ దొర నిఘంటువు), సూర్యరాయాంధ్రము మొదలైన ఎన్నో నిఘంటువులను ఒకే చోట వెతకగలిగే ఆ వసతిని కల్పించినవారికి తెలుగు పాఠకలోకం రుణపడి ఉంది. విదేశాల్లో ఉన్న మా మిత్రులకు మరో మార్గం లేదు కూడా. ఒక మాటకు శబ్దరత్నాకరము ఏమంటున్నదో, బ్రౌన్ దొర ఏమంటున్నాడో ఒకదాని కింద ఒకటి చూసి పోల్చుకోవడం అచ్చు పుస్తకాలతో అంత తేలిక కాదు.

అయితే వెతకాలంటే ఏ మాట వెతకాలో ముందు తెలియాలి. పద్యంలో "గొట్టె" అని కనిపించిన మాటను నేను ఉన్నదున్నట్టు టైపు చేస్తే ఏమీ రాదు. అది "కొట్టు" అన్న ధాతువు, ముందున్న మాట వల్ల కకారం గకారమైందని తెలిసినవారికే ఆ పెట్టె తెరుచుకుంటుంది. సంధిలో కలిసిపోయిన మాటల సంగతీ అంతే. అచ్చు నిఘంటువులో పేజీ అంతా కళ్ల ముందు ఉంటుంది కాబట్టి అటూ ఇటూ చూపు పోనిస్తే సరైన రూపం తగిలే అవకాశం ఎక్కువ. ఇంకొకటి, సంకేతాల పట్టిక, పీఠిక పుస్తకంతోనే ఉంటాయి. తెరమీద ఒక్క మాటకు ఒక్క అర్థం చూసి వచ్చేసేవారు పీఠిక చదవడం నేను చూడలేదు. శబ్దరత్నాకరాన్ని బహుజనపల్లి సీతారామాచార్యులుగారు ఏ నియమంతో కూర్చారో, ఏ పదాలను ఎందుకు విడిచారో పీఠిక చదివితేనే తెలుస్తుంది. అది తెలిశాక ఒక మాట దొరకనప్పుడు "ఇలాంటి మాట తెలుగులో లేదు" అనుకోకుండా "ఇది ఈ పుస్తకం పరిధిలోకి రాదు" అనుకోగలుగుతాం.

ఆధునిక సాహిత్యం మాటకు వస్తే నా అభిప్రాయం కొంత వేరు. కథలు, నవలల విషయంలో అచ్చు ఆకరగ్రంథాలు చాలా వెనకబడ్డాయి. ఒక కథ మొదట ఏ పత్రికలో ఏ సంవత్సరంలో వచ్చిందో, ఆ రచయిత ఇంకేమి రాశారో తెలుసుకోవాలంటే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయమే దిక్కు. ఆ సంస్థ వెబ్‌సైటులో కథల జాబితా రచయిత పేరుతోనూ, కథ పేరుతోనూ, పత్రిక పేరుతోనూ వెతుక్కోవచ్చు, ఎన్నో కథలకు పత్రికల్లో అచ్చయిన పేజీలే చూడవచ్చు. ఒక సంకలనంలో కథ చదివి నచ్చితే, అది మొదట అచ్చయిన సంవత్సరం తెలుసుకున్నాక మళ్లీ చదివితే కథ వేరుగా తోస్తుంది. కరువు గురించి రాసిన కథ ఏ కరువు నాటిదో తెలియడం చిన్న విషయం కాదు.

జవాబు: హైదరాబాదు నుంచి ఒక విశ్రాంత గ్రంథపాలకుడు

పై ఇద్దరు మిత్రులూ విలువైన మాటలు చెప్పారు. నేను చేర్చదలచినది కవుల చరిత్రల గురించి, ఎందుకంటే నిఘంటువుకంటే అవి పాఠకుడి మనసును ఎక్కువగా మలుస్తాయి, ఆ మలచడం మనకు తెలియకుండానే జరుగుతుంది.

వీరేశలింగం పంతులుగారి ఆంధ్రకవుల చరిత్రము పూర్వకవులు, మధ్యకాల కవులు, ఆధునిక కవులు అని 3 భాగాలుగా ఉంటుంది. అంతకుముందు కవుల గురించి ప్రచారంలో ఉన్నవి ఎక్కువగా చాటుపద్యాలూ కట్టుకథలూ. శ్రీనాథుడూ పోతనా బావమరదులన్న కథను మనలో ఎందరో ఇప్పటికీ నిజమనే అనుకుంటారు. పంతులుగారు శాసనాలు, కృత్యాదిపద్యాలు (కావ్యం మొదట ఉండే పద్యాలు), ఆశ్వాసాంత గద్యలు (ఆశ్వాసం చివర ఉండే వచనం) ముందు పెట్టుకుని కాలనిర్ణయం చేయబూనడం ఆనాటికి పెద్ద సాహసం. ఈ పుస్తకాన్ని దాటిపోయి తెలుగు సాహిత్య చరిత్ర రాసినవారు లేరు. దానితో వాదించినవారు కూడా దాని మీద నిలబడే వాదించారు.

అదే పుస్తకంలో ముద్దుపళని గురించి ఆయన రాసినది కూడా చదవాలి. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ఆమె కవితాశక్తినీ పాండిత్యాన్నీ పంతులుగారు కాదనలేదు. కాని ఆమె రాధికాసాంత్వనంలోని శృంగారం స్త్రీలు వినదగినది కాదని తీవ్రంగా నిందించారు. ఒక ప్రామాణిక గ్రంథంలో అలా అచ్చుపడిన అభిప్రాయం ఆ కావ్యం మీద ముద్ర వేసింది. బెంగళూరు నాగరత్నమ్మగారు ఆ నిందకు జవాబిస్తూ, మూలప్రతితో సరిచూసి 1910లో వావిళ్ల వారి ద్వారా ఆ కావ్యాన్ని సమగ్రంగా ప్రకటించారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, పుస్తకం నిషేధానికి గురైంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. కవిచరిత్రలోని ఒక పేజీ ఒక కావ్యం జాతకాన్ని ఎలా మార్చగలదో దీన్ని బట్టి గ్రహించవచ్చు. అందుకని పంతులుగారి పుస్తకాన్ని పక్కన పెట్టమని నేను అనను. ఆధారాలు చూపిన చోట ఆయనను అనుసరించమనీ, తీర్పు చెప్పిన చోట ఆగి మూలం చదవమనీ అంటాను.

ఇటువంటి గ్రంథంలో ఏమి లేదన్నది ఏమి ఉన్నదన్నంత ముఖ్యం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకప్పుడు పత్రికల్లో వచ్చింది. దానికి సురవరం ప్రతాపరెడ్డిగారు ఆవేశంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరా కబురు పెట్టి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించారు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఎందరో పాఠకులు ఆ సంచికలో తమ ఊరి పేరు వెతుక్కోవడానికి వచ్చేవారు. తాతగారి తండ్రి పద్యం రాసేవారట అని ఇంట్లో విన్నవారు అక్కడ ఆయన పేరు, ఊరు, పద్యం చూసుకుని నకలు రాసుకునేవారు. వాళ్లెవరూ పరిశోధకులు కారు. ఊటుకూరి లక్ష్మీకాంతమ్మగారి ఆంధ్ర కవయిత్రులు అన్న గ్రంథం కూడా ఇటువంటి లోటును పూరించడానికి పుట్టినదే. పెద్ద చరిత్రల్లో ఒక వాక్యంతోనో, ఒక పేరుతోనో సరిపెట్టిన రచయిత్రుల గురించి అందులో విడిగా తెలుసుకోవచ్చు.

మరొక విషయం. పుస్తకం తెరవగానే ముద్రణ సంవత్సరం చూసే అలవాటు చేసుకోవాలి. మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో వెలికి తెచ్చి అచ్చు వేశారు. అంతకుముందు తయారైన ఏ కవిచరిత్రలోనూ ఆ కావ్య పరిచయం దొరకదు. ఆ కవి నన్నయకు ముందువాడని రామకృష్ణకవిగారు అన్నారు, కాదు తర్వాతివాడని ఎందరో పండితులు వాదించారు. మీ దగ్గరున్న పుస్తకం ఏ ఏటిదో తెలిస్తే అది ఈ వాదంలో ఏ దశలో నిలిచి మాట్లాడుతున్నదో తెలుస్తుంది. పోతన చెప్పుకున్న ఏకశిలానగరం ఓరుగల్లా, ఒంటిమిట్టా అన్న వివాదమూ అంతే. ఒక్క పుస్తకం చదివినవారికి అది తేలిపోయిన విషయంలా కనిపిస్తుంది, రెండు చదివినవారికి ఎవరు ఏ ఆధారంతో మాట్లాడుతున్నారో కనిపిస్తుంది.

ఈ కారణంగానే ఆరుద్రగారి సంపుటాలు, అసంపూర్తి సెట్టు అయినా సరే, మీరు ఉంచుకోవాలని నా కోరిక. చాళుక్యుల కాలం, కాకతీయుల కాలం, రెడ్డిరాజుల కాలం, చివరకు కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ), జమీందారీ యుగాలు అంటూ ఆయన సాహిత్యాన్ని ఆనాటి రాజకీయ సాంఘిక చరిత్రలో పెట్టి చెప్పారు. పండిత చర్చను సైతం కథ చదివినంత తేలికగా చదివించే శక్తి ఆయన వచనానికి ఉంది. పోతన మీద వీరేశలింగంగారి ప్రకరణం చదివిన తర్వాత ఆరుద్రగారు రాసినది కూడా చదవండి. మీకు ఏ వాదం సబబుగా తోచినా, ఎందుకు తోచిందో మీరు నలుగురికీ చెప్పగలుగుతారు.

అడిగినవారి మాట: తెనాలి

ముగ్గురికీ కృతజ్ఞతలు. అధ్యాపకులవారు చెప్పిన "దాపల" కోసం నిఘంటువు తెరిచి, ఆ పేజీలో మిగిలిన మాటలు కూడా చదువుతూ చాలాసేపు కూర్చున్నాను. ఆ పేజీ అంచున మా మామగారు పెన్సిలుతో కొన్ని పద్యాల మొదటి పాదాలు రాసుకున్నారు. నిఘంటువులో లేని ప్రయోగాలను ఆయన చేర్చుకుంటూ వచ్చారని ఇప్పుడు అర్థమైంది. సూర్యరాయాంధ్రము, శబ్దరత్నాకరము, పురాణనామచంద్రిక, ఆంధ్రకవుల చరిత్రము, ఆరుద్రగారి సంపుటాలు మాతోనే వస్తాయి. హాలులో టీవీ కింద పెట్టదలచిన అల్మరా వాటికి ఇస్తామని మావారు ఒప్పుకున్నారు.

అడుగు అర సర్దుతుంటే కొమర్రాజు లక్ష్మణరావుగారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము సంపుటం ఒకటి కనిపించింది. కాగితం ముట్టుకుంటే విరిగేలా ఉంది. అకారంతో మొదలయ్యే విషయాలు తప్ప మరేమీ లేవు. ఇది సాహిత్యానికి సంబంధించినదేనా? దీన్ని ఏం చేయడం మంచిది?

జవాబు: హైదరాబాదు గ్రంథపాలకుడు

అమ్మా, ఆ పెన్సిలు రాతలు ఉన్న సంపుటాలను ఎవరికీ ఇవ్వకండి. కొత్త ప్రతి ఎక్కడైనా కొనవచ్చు, ఆ రాతలు మరో ప్రతిలో ఉండవు. వీలైతే ఆ పద్యపాదాలను, అవి ఏ మాట పక్కన ఉన్నాయో గుర్తు పెట్టి ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించండి. శ్రీహరి నిఘంటువు వంటి గ్రంథం వెనక ఉండే శ్రమ కూడా ఇలాంటిదే.

ఇక విజ్ఞాన సర్వస్వము. అది సాహిత్యానికి మాత్రమే పరిమితమైనది కాదు. గణితం, ఖగోళం, వైద్యం, చరిత్ర అన్నీ తెలుగులో చెప్పడానికి లక్ష్మణరావుగారు తలపెట్టిన పని. తెలుగులో ఆధునిక రీతిలో ఇంతటి సర్వస్వానికి అదే తొలి ప్రయత్నం. చాలా వ్యాసాలు ఆయన స్వయంగా రాశారు. 3 సంపుటాలు వెలువడిన తర్వాత, వర్ణమాలలో తొలి అక్షరాలు దాటకముందే, 1923లో ఆయన కన్నుమూశారు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ పనిని తిరిగి చేపట్టారు. అకారం తప్ప మరేమీ లేదని మీరు అన్నది అందుకే. అయినా ఒక శాస్త్రవిషయాన్ని పరిభాష ఇంకా స్థిరపడని రోజుల్లో తెలుగు వచనంలో ఎలా చెప్పారో చూడాలనుకునేవారికి ఆ వ్యాసాలు నేటికీ పాఠాలే. రాత్రిపూట ఒక వ్యాసం చదివి చూడండి.

కాగితం అంత పెళుసుగా ఉంటే దాన్ని ఇంట్లో ఎక్కువ తిప్పకండి. సెల్లోటేపు అంటించవద్దు, అట్ట కోసం బైండింగు వాళ్లకు ఇచ్చి అంచులు కోయించవద్దు. ముద్రణ సంవత్సరం ఉన్న పేజీని, విషయసూచికను ఫోటో తీసి, వేటపాలెం సారస్వత నికేతనం వంటి పాత గ్రంథాలయానికి ముందు చూపించండి. తెనాలి నుంచి రైల్లో దగ్గరే. 1918లో మొదలైన ఆ గ్రంథాలయం పాత పత్రికలకూ పాత పుస్తకాలకూ పేరుపొందినది. వారి దగ్గర ఆ సంపుటం, ఆ ముద్రణే, మంచి స్థితిలో ఉంటే మీ ప్రతిని మీరే ఉంచుకోవచ్చు. లేదంటే వారికి ఇచ్చి, ఇచ్చినట్టు మీ మామగారి పేరుతో రసీదు తీసుకోండి. అనుక్రమణికలు, పదకోశాలు ఇంకేమైనా మిగిలితే వాటి పేర్లు, సంవత్సరాలు ఇక్కడ రాయండి. ఏది అరుదైనదో, ఏది మళ్లీ అచ్చయిందో చూసి చెబుతాను.